సింగిల్స్ ఆటలో ఎంతమంది?

సింగిల్స్ అంటే వలకు అటు ఒక్కరు, ఇటు ఒక్కరు. పక్కన జోడీ ఉండదు, వెనక జట్టు ఉండదు. కానీ 2022 జూలై 9న వింబుల్డన్ మహిళల ఫైనల్ ఆడిన ఇద్దరి వెనక ఎంతమందిని నిలబెట్టారో లెక్క వేస్తే ఆ మాటమీదే మాకు అనుమానం వస్తుంది.

ఒకరు ట్యునీషియా అమ్మాయి ఓన్స్ జాబర్. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్ ఫైనల్‌కు చేరిన తొలి అరబ్ మహిళ. 1968 తర్వాతి ఓపెన్ శకంలో తొలి ఆఫ్రికన్ మహిళ కూడా. ముస్లిం. అంటే ఒక దేశం, ఒక భాష, ఒక ఖండం, ఒక మతం, నాలుగూ ఒక్క రాకెట్‌కు వేలాడాయి. సొంత దేశంలో ఆమెను ‘వజీరతుస్సాదా’ అంటారు, సంతోషాల మంత్రి అని. వజీర్, సఆదత్ ఉర్దూ ఇళ్లకు తెలిసిన మాటలే కాబట్టి ఆ బిరుదు మా చెవికి ఇంకాస్త తియ్యగా వినిపించింది.

ఇంకొకరు ఎలెనా రిబకినా. పుట్టింది మాస్కోలో. 2018 నుంచి ఆడుతున్నది కజకిస్తాన్ తరఫున. ఉక్రెయిన్ యుద్ధం కారణంగా ఆ ఏడు వింబుల్డన్ రష్యా, బెలారస్ క్రీడాకారులను రానివ్వలేదు. రిబకినాకు తలుపు తెరిపించింది నాలుగేళ్ల కిందటి కాగితం. 3-6, 6-2, 6-2తో ఆమె గెలిచింది. గెలవగానే విలేకరులు రష్యా గురించి అడిగారు. రష్యా టెన్నిస్ పెద్దలేమో ఆమె తమ బడిలో నేర్చుకున్న పిల్లేనన్నారు. ఇరవై మూడేళ్ల అమ్మాయి కప్పు చేతిలో పట్టుకుని, తాను ఎవరి మనిషో వివరించుకోవాల్సి వచ్చింది. ఆ ప్రశ్న రుచి ఈ దేశంలో మాకు కొత్త కాదు.

ఇంకో సంగతి. ట్యునీషియాలాగే కజకిస్తాన్ కూడా ముస్లింలు ఎక్కువగా ఉన్న దేశమే. అయినా ‘ముస్లిం’ అన్న మాట జాబర్ ఖాతాలోనే పడింది. మతం జెండానుంచి వస్తుందా, పేరునుంచి వస్తుందా, చూసేవాడి కంటినుంచి వస్తుందా?

వింబుల్డన్‌లో విజేతల పేర్లు రాసే బోర్డు ఉంది. మగవాళ్ల పేర్లకు ముందు ఏ తోకా ఉండేది కాదు. ఆడవాళ్లకు మాత్రం మిస్, మిసెస్. 1981లో క్రిస్ ఎవర్ట్ గెలిస్తే బోర్డు మీద ‘మిసెస్ జె.ఎం. లాయిడ్’ అని రాశారు. జె.ఎం. ఆమె ఇనీషియల్స్ కావు, భర్తవి! సర్వీసు ఆమెది, చెమట ఆమెది, పేరు ఆయనది. ఆ తోకలు తీసేసింది 2022లోనే.

ఇంగ్లండ్ దొరల చాదస్తం అని నవ్వుకోవడం సులువు. సానియా మీర్జా పెరిగింది మా హైదరాబాద్‌లో. 2005లో ఆమె వింబుల్డన్ సింగిల్స్ రెండో రౌండు ఆడింది. అదే ఏడు ఆమె స్కర్టు పొడవు గురించి కొందరు మతపెద్దలు తీర్పులు చెప్పారు. 2010లో పాకిస్తాన్ క్రికెటర్‌ను పెళ్లాడింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను బ్రాండ్ అంబాసిడర్‌ను చేస్తే, ఒక నాయకుడు ‘పాకిస్తాన్ కోడలు’ అన్నాడు. స్కర్టు కొలిచినవాళ్లు, దేశభక్తి కొలిచినవాళ్లు ఒకరికొకరు గిట్టనివాళ్లే. టేపు మాత్రం ఒకటే. వింబుల్డన్ బోర్డుకూ ‘కోడలు’ అన్న నోటికీ కూడా స్త్రీ గుర్తుకొచ్చేది మగాడి ఇంటిపేరుతోనే.

అయితే మనవాళ్లు గెలిస్తే పొంగిపోవడం తప్పా? తప్పని మేము అనం. 1957లో ఆల్థియా గిబ్సన్ ఆ పచ్చిక మీద సింగిల్స్ గెలిచిన తొలి నల్లజాతి మనిషి అయినప్పుడు ఆమె జాతి పొంగిపోయిందంటే, అంతవరకు ఆ బోర్డు మీద వాళ్ల పేరు ఒక్కటీ లేదు గనక. ఏ బోర్డు మీదా తన పేరు చూసుకోనివాడికి మొదటి పేరు విలువ తెలుస్తుంది. ‘వ్యక్తిని వ్యక్తిగా చూడండి’ అని చెప్పే సెక్యులర్ మిత్రులు ఇది గమనించాలి. బోర్డంతా తమ పేర్లే ఉన్నవాళ్లకు ఆ సలహా ఖర్చులేనిది.

మేము అడిగేది వేరు. ‘మా అమ్మాయి’ అన్నాక ఆ అమ్మాయినుంచి ఏం వసూలు చేస్తున్నాం? ఏమీ అడక్కపోతే అది ప్రేమ. ఇలా కట్టుకో, వీణ్ణి చేసుకో, గెలిచి మా పరువు నిలబెట్టు, ఓడినా నవ్వు అంటే అది కౌలు. పొలం ఆమె ఒళ్లే.

2023లో జాబర్ మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. సీడింగ్ కూడా లేని మార్కెటా వొండ్రుసోవా చేతిలో 6-4, 6-4తో ఓడింది. కోర్టులోనే ఏడ్చింది. తన జీవితంలో ఇంత బాధపెట్టిన ఓటమి లేదంది. 2025 వింబుల్డన్‌లో తొలి రౌండు మధ్యలోనే తప్పుకుంది. ఆ జూలైలోనే, కోర్టులో తనకు కొంతకాలంగా సంతోషం లేదని చెప్పి ఆటకు విరామం ప్రకటించింది. సంతోషాల మంత్రి! ఆ శాఖ ఆమెకు ఇచ్చినవాళ్లు కోట్లమంది.