కోపం ఎవరి మీద?



పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు మనలో చాలామంది తప్పక చెప్పే మాట ఒకటుంది: "కోపపడ్డాను, ఫాదర్." జపమాల చెప్పలేదు, ఆదివారం పూజకు ఆలస్యంగా వచ్చాను అనే మాటల నడుమ అది కూడా ఒక్క గుక్కలో దాటిపోతుంది. గురువులు ప్రాయశ్చిత్తం విధిస్తారు. మనం తేలికపడి లేచి వస్తాం. కాని ఆ మాటలో సగం మన నోట్లోనే మిగిలిపోతుంది. కోపపడ్డాను, సరే. ఎవరి మీద?

ఒక సాయంత్రం సంగతి చూద్దాం. మన పల్లెల్లో ఏ ఇంట్లోనైనా జరిగేదే. రైతు పత్తి అమ్ముకోవడానికి పోయాడు. తేమ ఉందని వ్యాపారి ధర తగ్గించాడు. కాంటా దగ్గర తరుగు పేరుతో మరికొంత కోశాడు. రైతు లోపల ఉడికిపోయాడు. అయినా "సరే సేటూ, మీ దయ" అన్నాడు. రేపు అప్పు కావాలంటే మళ్ళీ ఆ గడపే తొక్కాలి గదా! ఇంటికి వచ్చాడు. కూరలో ఉప్పు తక్కువైంది. కంచం వాకిట్లో పడింది. ఎదురు మాట్లాడలేని ఇల్లాలు, బిందె నింపలేదని కూతురి వీపు మీద రెండు వేసింది. ఆ పిల్ల ఏడుస్తూ బయటికి పోయి, అరుగు కింద పడుకున్న కుక్కను తన్నింది. వ్యాపారి మాత్రం కడుపు నిండా తిని హాయిగా నిద్రపోయాడు. ఆ రైతు స్థానంలో పాలమూరు వలస కూలీని నిలబెట్టినా కథ ఇదే. మేస్త్రీ ఎగ్గొట్టిన కూలికి లెక్క ఇంట్లో తేలుతుంది.

అత్త మీది కోపం దుత్త మీద చూపడం అని మన పెద్దలు అన్నది దీన్నే. దుత్త పగిలితే అత్తకు తగిలేదేమీ లేదు. పిల్లలకు ఆ పూట మజ్జిగ ఉండదు, అంతే. "ఏం చేయను, కోపం ఆపుకోలేను" అంటాం. నిజంగా ఆపుకోలేని వాళ్ళమైతే కాంటా దగ్గరే అరిచి ఉండేవాళ్ళం. అక్కడ ఆపుకున్నాం. ఇంట్లో ఆపుకోలేదు. నీరు పల్లానికి పారినట్టు మన కోపం మనకంటే బలహీనుల వైపు పారుతుంది. ఆత్మశోధన చేసుకునేటప్పుడు మనం ముందు చూడవలసింది ఆ దిక్కునే.

కోపాన్ని శ్రీసభ ఏడు మూల పాపాలలో ఒకటిగా లెక్కించింది. అయినా కోపం వచ్చిన ప్రతిసారీ పాపమేనని బోధించలేదు. బుద్ధికి లోబడి న్యాయం కోసం వచ్చే కోపం మంచిదేనని, రావలసిన చోట రాకపోవడం కూడా లోపమేనని 13వ శతాబ్దపు వేదపండితుడు పునీత తోమాసు అక్వినాసు వివరించారు. కోపాన్ని తొందరపాటు సేవకుడితో పోల్చిన అరిస్టాటిల్ మాటను ఆయన కూడా వాడుకున్నారు. అలాంటి జీతగాడు మన ఇళ్ళలోనూ ఉంటాడు. ఆసామి మాట పూర్తి చేయకముందే పరుగెత్తి, చేయవలసింది వదిలి మరొకటి చేసి వస్తాడు. "అన్యాయం జరిగింది" అని బుద్ధి చెప్పడం మొదలుపెడుతుంది. ఎవరు చేశారో, ఏం చేయాలో చెప్పేలోగా కోపం పరుగెత్తి, ఎదురుగా కనబడ్డ వాళ్ళను కొట్టి వస్తుంది.

యేసు ప్రభువుకు కూడా కోపం వచ్చింది. మార్కు సువిశేషం 3వ అధ్యాయంలో, ఎండిపోయిన చెయ్యిగల మనిషిని విశ్రాంతి దినాన స్వస్థపరుస్తాడేమో, నేరం మోపుదామని కొందరు పొంచి చూస్తుంటారు. ప్రభువు వారివంక కోపంతో చూశాడు. వారి కఠిన హృదయాలకు బాధపడ్డాడు. ఆ కోపం తరువాత జరిగిందేమిటి? ఒక చెయ్యి బాగుపడింది. దేవాలయంలో రూకలు మార్చేవారి బల్లలు పడదోసిన ప్రభువు, పావురాలు అమ్మేవారితో మాత్రం వాటిని అక్కడి నుండి తీసుకుపొమ్మని చెప్పాడని యోహాను వ్రాశారు. పావురాలు పేదల కానుక. బాలయేసును దేవాలయంలో అర్పించినప్పుడు ధర్మశాస్త్రం ప్రకారం మరియమ్మ, యోసేపులు ఇచ్చిందీ ఆ కానుకే. అంత కోపంలోనూ ఆయన చెయ్యి దేని మీద పడాలో ఆయనకు తెలుసు.

మన నల్లగొండ నేలకు కోపం కొత్త కాదు. దొరల గడీల ముందు వెట్టి చేసిన తాతల కోపం తరాలపాటు ఇళ్ళలోనే పొగలాగా తిరిగి ఉంటుంది. 1946లో, అప్పటి నల్లగొండ జిల్లాలోని కడవెండిలో దొడ్డి కొమరయ్య హత్య తరువాత అది సాయుధ పోరాటంగా మండింది. రెండు వైపులా ఎన్నో ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే, 1951 ఏప్రిల్ 18న, వినోబా భావే పోచంపల్లికి నడిచి వచ్చారు. అక్కడి 40 దళిత కుటుంబాలు ఆయన ఎదుట నిలబడి తమకు 80 ఎకరాలు కావాలని అడిగాయి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. తరువాతి కాలంలో భూదానంలో వచ్చిన భూమంతా పేదలకు చేరలేదన్నది నిజమే. అయినా ఆనాడు ఆ కుటుంబాలు చేసిన పని గుర్తుంచుకోదగినది. తమ కష్టాన్ని ఇంటివాళ్ళ మీద కుమ్మరించకుండా, ఊరందరి ముందు ఎకరాల లెక్కలో చెప్పుకున్నాయి.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు చేసిందీ అలాంటిదే. తాగి వచ్చిన భర్తల చేతిలో దెబ్బలు తిన్న వాళ్ళు, ఆ దెబ్బలను పిల్లల మీద తీర్చుకోలేదు. సారా దుకాణం ముందుకు వెళ్ళారు. ఉద్యమం జిల్లాలు దాటింది. సారా వేలంపాటలను అడ్డుకుంది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. దెబ్బలు తిని వచ్చిన ఆడబిడ్డతో "ఓర్చుకో అమ్మా, అది నీ సిలువ" అని చెప్పి తిరిగి పంపే పెద్దలు మన సంఘాల్లో ఇంకా ఉన్నారు. ఆమె కోపాన్ని పాపమని, అతని కోపాన్ని స్వభావమని అంటారు. ఇది సువిశేషం కాదు. క్షమించడం అంటే మళ్ళీ దెబ్బలకు వీపు చూపడం కాదు. గృహహింస నుండి స్త్రీలను కాపాడే చట్టం 2005లోనే వచ్చింది. ఆమెకు తోడుగా నిలవడం, అతన్ని నిలదీయడం విచారణ పెద్దల బాధ్యత.

మరి మనం చేయగలిగింది ఏమిటి? పొద్దుగూకేలోగా కోపం వదిలిపెట్టమని పునీత పౌలు ఎఫెసీయులకు వ్రాశారు. మన ఇళ్ళలో కోపం గడప దాటి వచ్చేదే పొద్దుగూకిన తరువాత! అందుకే కంచం ముందు కూర్చోకముందే "ఇయాల కాంటా కాడ నన్ను మోసం చేసిండ్రు" అని ఇల్లాలితో చెప్పండి. చెప్పుకున్న కోపం సగం దుఃఖంగా మారుతుంది. దుఃఖాన్ని ఇద్దరు మోయవచ్చు. మర్నాడు నలుగురిని కలుపుకొని ఆ వ్యాపారినే అడగండి. ఈలోగా చెయ్యి జారిందా? స్వతహాగా తనకూ కోపం ఎక్కువేనని ఎరిగిన పునీత ఫ్రాన్సిస్ దె సాల్, 1609లో వెలువడిన తమ పుస్తకంలో ఒక మంచి ఉపాయం చెప్పారు: ఎవరి మీద కోపపడ్డామో ఆ మనిషి పట్లే వెంటనే మృదువుగా ఒక పని చేయాలి. పిల్లను కొట్టిన తండ్రి ఆ పిల్లనే దగ్గరికి తీసుకొని "తప్పు నాది బిడ్డా" అంటే ఆయన పెద్దరికం తగ్గదు.

ప్రతి ఆదివారం దివ్యబలిపూజలో సమాధానం తెలుపుకునే వేళ చేతులు జోడించి ఇటూ అటూ తిరుగుతాం. గెట్టు తగాదా ఉన్న తమ్ముడు కూర్చున్న వైపు మాత్రం మెడ తిరగదు. వచ్చే ఆదివారం ఆ వైపే ముందు తిరుగుదాం. ఈసారి పాపసంకీర్తనానికి వెళ్ళినప్పుడు మిగిలిన సగం మాట కూడా చెబుదాం: "ఫాదర్, కోపపడ్డాను. నన్ను ఏమీ అనలేని వాళ్ళ మీద."