ఊరికే పోయే దారి

ముద్దనూరులో రైలు దిగి, జమ్మలమడుగు మీదుగా గండికోట చేరాను. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన లోయ దగ్గర, ముళ్లపొదల మధ్య సన్నని కాలిబాట. తెల్లవారుజామున దాని వెంట పరుగు మొదలుపెట్టాను. కట్టెలమోపుతో ఎదురొచ్చిన ఒకామె ఆగి, "ఎవురన్నా తరుముతాండారా మా?" అంది. లేదన్నాను. "మరి ఏమిటికి పరిగెత్తేది?"

ఆరోగ్యం కోసమని చెప్పబోయి ఆగాను. అదీ ఒక సాకే. ఆడది కొండకు పోవాలంటే కట్టెలుండాలి, మేకలుండాలి, కనీసం మొక్కుబడైనా ఉండాలి. ఊరికే పోవడానికి వీల్లేదు.

కోట చరిత్రలో పెమ్మసాని నాయకులున్నారు, 1650లో కోటను పట్టుకున్న మీర్ జుమ్లా ఉన్నాడు. మాధవరాయ ఆలయం, జుమ్మా మసీదు, ధాన్యాగారం చూడ్డానికి జనం వస్తారు. నేను పరిగెత్తిన బాటను మాత్రం మోపులు మోసే ఆడవాళ్ల పాదాలు వేశాయి. వాళ్ల పేర్లు ఎక్కడా లేవు.

అయితే నా పరుగు తప్పా? నేను మానేస్తే ఆమె మోపు బరువు తగ్గదు. కానీ నాకీ తీరిక దొరికింది ఇంట్లో గ్యాసు పొయ్యి ఉండబట్టి. అది మరిచిపోయి, దీన్ని నా ధైర్యమని చెప్పుకోలేను. బయట తిరిగే హక్కు గురించి ఇన్నేళ్లుగా రాస్తున్నాం. ఏ పనీ లేకుండా ఆ లోయ అంచున కూర్చునే తీరిక ఆమెకూ ఉండాలని ఎప్పుడైనా అడిగామా?