బామ్మ చేత ‘ఇట్స్ ఓకే’ అనిపించకు

అల్లుడూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. కృష్ణానగర్ గదిలో కూర్చుని కథ పూర్తి చేశావట. డైరెక్షన్ నువ్వే చేస్తావట, హీరో స్నేహితుడి వేషం కూడా నువ్వే కడతావట. “నువ్వైనా చెప్పన్నయ్యా” అని ఒకటే గోల. నువ్వు మూడు పనులు నెత్తినేసుకున్నావని కాదురా దాని బాధ, మూడు పూటలా తినట్లేదని. ముందు ఆ సంగతి చూసుకో.

మూడూ వద్దని నేననను. జంధ్యాలగారు చెయ్యలేదూ? కాకపోతే ఏది ఎప్పుడు చేశారో చూడు. 1951లో నరసాపురంలో పుట్టి, బెజవాడ నాటకాల్లో నలిగి, సినిమాలకు వచ్చారు. 1976లో ‘సిరిసిరిమువ్వ’కు మాటలు రాశారు, మరుసటేడు ‘అడవి రాముడు’కు. 1979లో ‘వేటగాడు’లో రావుగోపాలరావు నోటికి ప్రాసలు అందించిన చెయ్యే, 1980లో ‘శంకరాభరణం’ శాస్త్రిగారి చేత ఆచితూచి మాట్లాడించింది. ఓ రాత్రి రెండూ వరసగా పెట్టుకుని చూడు, రాసినవారు ఒక్కరేనంటే నమ్మబుద్ధి కాదు. అలా ఐదేళ్ళు ఇతరులకు రాశాకే 1981లో ‘ముద్దమందారం’ తీశారు.

నువ్వు పంపిన కథ చదివాను. మలుపు బాగుంది. కానీ పాలవాడూ, బ్యాంకు మేనేజరూ, హీరోయిన్ బామ్మా ముగ్గురూ అచ్చం నీలాగే మాట్లాడుతున్నారు. బామ్మ ‘ఇట్స్ ఓకే’ అంటుందేమిట్రా! ఎవరి మాట వాళ్ళకుండాలి. జంధ్యాలగారి ‘నాలుగు స్తంభాలాట’లో ‘సుత్తి’ అన్న మాట ఎంతగా పేలిందంటే, వీరభద్రరావుగారికీ వేలుగారికీ అదే ఇంటిపేరైపోయింది. ఇప్పటికీ మీ అత్తయ్య నా మాటలు మూడో నిమిషం దాటితే ఆ మాటే వాడుతుంది.

ఇంకోటి. ఆయనదే ‘అహ నా పెళ్ళంట’లో కోట శ్రీనివాసరావు కోడిని పైనుంచి వేలాడదీసి, దాన్ని చూస్తూ ఉత్తన్నం లాగించే సీను గుర్తుందిగా? ఆ పిసినారితనం చెప్పమంటే నువ్వూ నేనూ పేజీన్నర డైలాగు రాసేవాళ్ళం. మాటల్లో అంత మొనగాడైన జంధ్యాలగారు, అక్కడ మాటలు పక్కనబెట్టి కోడిని కట్టించారు. నీ ఏడో సీన్లో హీరో తండ్రి తన పేదరికం గురించి అంతసేపు ఉపన్యాసం ఇస్తున్నాడే, ఆయన చేతికి ఏదైనా వస్తువు ఇచ్చి చూడు.

నా మనసుకు బాగా పట్టింది మాత్రం వేరే. దర్శకుడిగా అంత పేరొచ్చాక కూడా ఆయన 1990లో ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’కీ, మరుసటేడు ‘ఆదిత్య 369’కీ మాటల రచయితగానే కూర్చున్నారు. రాయడం మెట్టనుకున్నవాడు పైకెక్కాక మళ్ళీ దాని మీద కూర్చోడు. వేషమంటావా, విశ్వనాథ్‌గారి ‘ఆపద్బాంధవుడు’లో కథానాయిక తండ్రిగా కనిపించేసరికి ఆయనకు నలభై దాటాయి. నీకింకా ఇరవయ్యారే. స్నేహితుడి వేషం ఎక్కడికీ పోదు, వేరే కుర్రాడికిచ్చి వాడెలా చేస్తాడో మానిటర్ ముందు కూర్చుని చూసుకో.

వెళ్ళిన ప్రతి సిట్టింగ్‌లోనూ కథ మొత్తం విప్పకు. ముందు రచయితల సంఘంలో రిజిస్టర్ చేయించు. నేను కుర్రతనంలో ఒక సినిమాకి పదిహేను సీన్లు రాసి, రిలీజు రోజున మీ అత్తయ్యను మొదటాటకు తీసుకెళ్ళాను. టైటిల్స్ అయిపోయాయి, నా పేరు పడలేదు. “మీరెక్కడున్నారండీ?” అంది పాపం, అమాయకంగా. ఇంటర్వెల్‌లో కొన్న సోడా గొంతు దిగలేదు. నీ దగ్గర కాగితం ఉండాలి, అంతే.

ఆదివారం బెజవాడ బస్సెక్కు. అమ్మమ్మ పక్కన రెండ్రోజులు కూర్చో. ఆవిడకు చెవి వినబడదు గానీ నోటికి విరామం లేదు. నీ బామ్మ డైలాగులన్నీ అక్కడే దొరుకుతాయి. కోడి కూర వండిస్తాను. వేలాడదీయన్లే.

మీ మామయ్య