మాకే రాలేదు, మీకెక్కణ్ణుంచి ఇచ్చేది?

ఈ మాట వినని ఇల్లాలు వుండదనుకుంటాను. చీటీపాట పాడినావిడ నుంచి, అద్దె ఎగ్గొట్టిన కింది వాటా వాళ్ళ నుంచి, ఆఖరికి చేబదులు తీసుకెళ్ళిన తోడికోడలి నుంచి కూడా వినే వుంటారు. విన్నాక మనం చేసేదేముంది? "పాపం, వాళ్ళకే రాలేదట" అని మనమే ఇంకొకరికి సర్దిచెబుతాం.

ఫిల్మ్‌నగర్‌లో అయితే ఈ మాట పై అంతస్తులో పుట్టి, తాపీగా మెట్లు దిగుతూ వస్తుంది. డిస్ట్రిబ్యూటరు పంపలేదని నిర్మాత అంటాడు. నిర్మాత ఇవ్వలేదని ప్రొడక్షన్ మేనేజరు అంటాడు. మేనేజరు ఇవ్వలేదని దుస్తులు కుట్టించి ఇచ్చినావిడ అంటుంది. ఆవిడ ఇవ్వలేదని చమ్కీలు కుట్టిన అమ్మాయి ఎవరితో అనాలి? ఇంట్లో బియ్యం డబ్బాతో అంటే అది వింటుందా?

1970ల్లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియో కట్టించేనాటికి ఈ పక్కంతా రాళ్ళగుట్టలే. ఆ తర్వాత మద్రాసు నుంచి పరిశ్రమ మెల్లిగా తరలివచ్చింది. రామానాయుడు స్టూడియో, ఫిల్మ్ చాంబరు, జూబిలీహిల్స్ బంగళాలు, వాటి ముందు పొడుగాటి కార్లు మనందరికీ తెలిసినవే. అయితే సినిమాని కుట్టేదీ, వండేదీ, ఇస్త్రీ చేసేదీ మటుకు కొండ దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ సందుల్లో. అక్కడ ఎక్కువ వ్యాపారం నోటిమాట మీదే నడుస్తుంది. కాయితం అడిగితే "మనమంతా ఒక కుటుంబం కదా అక్కా" అంటారు. కుటుంబం అన్న మాట వినగానే కొంచెం జాగ్రత్తపడాలని నేననుకుంటాను. ఆడవాళ్ళ దగ్గర వూరికే పని చేయించుకోవటానికి అంతకన్న తేలికైన మాట ఇంకోటి లేదు.

నాకు తెలిసినావిడ ఒకరు ఆ సందుల్లోనే ఆరు మిషన్లు పెట్టుకుని సినిమా దుస్తులు కుట్టిస్తుంది. 2022లో ఒక కంపెనీవాళ్ళు పాట కోసం అరవై జతలు చెప్పారు. లక్షా ఎనిమిది వేలకు బేరం. ముప్ఫై అయిదు వేలు అడ్వాన్సు, మిగతాది సరుకు అందగానే అన్నారు. ఆవిడ గుడ్డ అరువు తెచ్చింది. నలుగురమ్మాయిల్ని పెట్టి, పదకొండు రోజులు రాత్రింబవళ్ళు కుట్టించి, చెప్పిన రోజుకి జతలన్నీ అందించింది. ఇంతలో ఆగస్టు 1 వచ్చింది. ఖర్చుల సంగతి తేలేదాకా షూటింగులు వుండవని నిర్మాతలంతా పనులాపేసిన రోజు అది. మళ్ళీ మొదలయ్యాక చూస్తే కథలో ఆ పాటే లేదు. "పాటే తీసేశాం అక్కా, దుస్తులకి డబ్బేమిటి? అయినా మాకే రాలేదు" అన్నాడు మేనేజరు. ఆ తర్వాత ఆ మేనేజరు కూడా లేడు, వేరే కంపెనీకి మారిపోయాడు.

ఆవిడ మెళ్ళో గొలుసు కుదువపెట్టి నలుగురమ్మాయిలకీ ఇరవై రెండు వేలూ ఇచ్చేసింది. గుడ్డల కొట్టాయన్ని బతిమాలుకుంది. ఇంట్లో పెద్ద గొడవ. "నీకే రాలేదు, వాళ్ళకెందుకిచ్చావు?" అని భర్త. "అమ్మా, మీరు చదువుకున్నవాళ్ళు, చెప్పండి. నేను చేసింది ధర్మమా, పిచ్చితనమా?" అని నన్నడిగింది. నా నవలల్లో నాయికలు చాలా ప్రశ్నలడిగారు గానీ, కూలిడబ్బుల గురించి ఒక్కరూ అడగలేదు.

చట్టాన్నడిగితే జవాబు తేలికే. 1872 నాటి కాంట్రాక్టు చట్టం దృష్టిలో ఏ ఒప్పందానికా ఒప్పందం విడి ముడి. కంపెనీకీ ఆవిడకీ ఒకటి, ఆవిడకీ అమ్మాయిలకీ ఇంకొకటి. నాకొస్తేనే మీకిస్తానని మొదట్లోనే చెప్పి వాళ్ళని ఒప్పిస్తే తప్ప, పై ముడి తెగిందని కింది ముడి విప్పటానికి లేదు. కుట్టమని చెప్పి కుట్టించుకున్నాక పాట వుందో లేదో కుట్టినవాళ్ళకి అనవసరం. నోటిమాట కూడా ఒప్పందమే, రుజువు చెయ్యగలిగితే.

కానీ ఆవిడ చట్టం అడగలేదు, ధర్మం అడిగింది. మనకి ధర్మసందేహం రాగానే గుర్తొచ్చేది బలిచక్రవర్తి. మూడడుగులిస్తానని మాటిచ్చేశాక శుక్రాచార్యుడు వచ్చి, బ్రతుకుతెరువు పోయేటప్పుడు, ప్రాణం మీదికొచ్చినప్పుడు, మానం పోయేటప్పుడు మాట తప్పినా పాపం లేదని నచ్చజెబుతాడు. మన మొట్టమొదటి ప్లీడరు ఆయనే అనిపిస్తుంది నాకు. బలి వినలేదు, గొప్పవాడయ్యాడు. ఏమాటకామాటే చెప్పుకోవాలి, శుక్రుడు చెడ్డవాడు కాడు. ఇల్లు గుల్లవుతుందనే ఆయన దిగులు. మా ఆవిడ భర్తదీ అదే దిగులు. పిల్ల కాలేజీ ఫీజు ఆ గొలుసులోనే వుంది మరి.

అయినా నేనాయన పక్షాన మాట్లాడలేను. బలి మాట తప్పినా వామనుడికి పోయేదేమీ లేదు, ఆయన ఇంకా ఏమీ ఇవ్వలేదు. ఇక్కడ అమ్మాయిలు ముందే ఇచ్చేశారు. కుట్టు విప్పితే గుడ్డ పాడవుతుందే తప్ప, వాళ్ళు మేలుకున్న రాత్రులు తిరిగిరావు. ఇంకో సంగతి. ఆ బేరంలో బాగా మిగిలి వుంటే నలుగురికీ తలా వెయ్యి ఎక్కువిచ్చేదా? ఇచ్చేది కాదు, ఇవ్వాలని ఎవరూ అడగరు కూడా. లాభాన్ని పంచుకోనిచ్చే ఆచారం లేనిచోట నష్టాన్ని మాత్రం పంచటం ఏం న్యాయం? అందుకని "మీరు చేసింది ధర్మమే" అన్నాను. ఆవిడ పెద్దగా సంతోషించలేదు. గొలుసు అప్పటికింకా షావుకారు దగ్గరే వుంది.

అయితే ఈ తర్కం ఇక్కడితో ఆగదు, మెట్లెక్కి పైకి కూడా పోతుంది. సినిమా నూరు రోజులాడితే దుస్తులు కుట్టినావిడకి వాటా లేదు కదా! మరి పాట పోయిందని ఆవిడ డబ్బెలా ఆపుతారు? ఈ మాట పైవాళ్ళతో అన్నావా అంటే ఆవిడ "అమ్మో, రేపు పనివ్వరు" అంది. భయానికి కారణం లేకపోలేదు. ఫిల్ము రోజుల్లో అప్పిచ్చిన ఫైనాన్షియరు చేతిలో ల్యాబ్ లెటరనేది వుండేది. ఆయన బాకీ తీరనిదే ల్యాబునుంచి ప్రింట్లు కదిలేవి కావు. కార్మికులకి యూనియన్లున్నాయి. 2025 ఆగస్టులో కూలి పెంచమని రెండు వారాలకు పైగా పనాపి, కొంత సాధించుకున్నారు కూడా. ఇడ్లీలు పంపినావిడ, జాకెట్లు కుట్టినావిడ ఏ రిలీజుని ఆపగలరు? తన దగ్గర పనిచేసినవాళ్ళకి ఇవ్వటం, తనకి రావలసింది అడక్కపోవటం, ఈ రెంటినీ కలిపి చుట్టాలందరూ ఆవిడ మంచితనం అంటున్నారు. మొదటిదాన్ని ఒప్పుకుంటాను. రెండోది మంచితనం కాదు, ఆ కంపెనీ తలుపు తట్టబోయే ఇంకో దర్జీకి గొయ్యి తవ్వటం.

అడగటానికీ ఒక పద్ధతుంది. ఇంగ్లండులో గ్లౌస్టర్ అనే వూళ్ళో ఒక పిండిమర ఇరుసు విరిగింది. కొత్తదానికి నమూనాగా దాన్ని పంపిస్తే రవాణా కంపెనీ రోజుల తరబడి ఆలస్యం చేసింది. మర ఆగిపోయి లాభం పోయిందని యజమానులు దావా వేశారు. మీ మర దానికోసమే ఆగివుందని రవాణావాళ్ళకి తెలియదు కనక ఆ నష్టం వాళ్ళ మీద వెయ్యలేం అని 1854లో తీర్పొచ్చింది. మన చట్టంలో 73వ సెక్షనుది కూడా ఇదే దారి. చూశారా, మన ఇబ్బంది ఎదుటివాడికి చెప్పుకోవటం నామోషీ అని మనం నోరు మూసుకుంటాం. బేరం కుదిరేటప్పుడే "ఇది అరువు గుడ్డ, మీరు ఆలస్యం చేస్తే నాకు వడ్డీ పడుతుంది" అని చెప్పి వుంటే కోర్టు కూడా దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది.

2006లో చిన్న పరిశ్రమల కోసం ఒక చట్టం వచ్చింది. ముందే పేరు నమోదు చేయించుకున్న చిన్న సంస్థకి, కాయితం మీద ఎంత గడువు రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బివ్వాలి. గడువేమీ రాసుకోకపోతే 15 రోజులే. దాటితే బ్యాంకు రేటుకి మూడింతల చొప్పున నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు వినటానికి కౌన్సిలుంది. మామూలు కోర్టుకెళ్ళేవాళ్ళకి మూడేళ్ళ గడువు, ఆ తర్వాత బాకీ నిజమే అయినా దావా నిలవదు.

ఇంత చెప్పినా "రాసివ్వమంటే అనుమానించినట్టుండదూ?" అంటుంది ఆవిడ. పెళ్ళి కుదిరినప్పుడు పదిమంది పెద్దల ముందు లగ్నపత్రిక రాసుకుంటాం. వియ్యంకుణ్ణి అనుమానించా? పైగా రాత అయినవాళ్ళ మధ్యే ఎక్కువ అవసరం. 1880ల మొదట్లో మద్రాసు హైకోర్టుకి ఒక తెలుగు కుటుంబం తగాదా వచ్చింది. ఒక ముసలావిడ కూతురికి ఆస్తి రాసిస్తూ, తన తోబుట్టువుకి ఏటా 653 రూపాయలివ్వాలని షరతు పెట్టింది. అలాగేనని కూతురు ఇకరారునామా రాసిచ్చి, తర్వాత వాళ్ళు నాకిచ్చిందేముందని అడ్డం తిరిగింది. మీ అమ్మ నీకిచ్చింది చాలు, డబ్బు కట్టమంది కోర్టు. ఆ కాయితమే లేకపోతే మాటేమయ్యేదో!

ఈ మధ్య ఆవిడకి ఓ పెద్ద ఆర్డరొచ్చింది. ఈసారి తారీకులు, మొత్తం, ఆలస్యమైతే వడ్డీ అన్నీ రాసి మేనేజరు చేత సంతకం పెట్టించుకుందిట. ఆ సంబరంతో షెడ్డుకి వచ్చి అమ్మాయిలకి పని పంచుతుంటే, వాళ్ళలో చిన్నమ్మాయి "అక్కా, మా రేటు కూడా రాసిస్తారా?" అందిట. ఆవిడకి చర్రున కోపం వచ్చింది. గొలుసు కుదువపెట్టి మరీ ఇచ్చిన మనిషిని పట్టుకుని ఇదా అడిగేది అని నాతో చెబుతున్నప్పుడు కూడా గొంతులో ఆ కోపం పూర్తిగా పోలేదు.

"మరేం చేశారు?" అన్నాను.

"ఏం చేస్తాను, కొలతల పుస్తకంలో కాయితం చింపి రాసిచ్చాను" అంది.