గురజాలకు ఒక ఉత్తరం

శాలిబండ, పాతబస్తీ, హైదరాబాదు

అబ్బాయీ,

గుడిలో బెంచీలు ఖాళీ అవుతున్నాయని, కుర్రాళ్లు గుంటూరు పెద్ద ప్రార్థన మందిరాలకు పోతున్నారని, ఇక ఈ లూథరన్ సంఘం ఎవరికోసమని అడిగావు. తలలు లెక్కపెట్టడంతో మొదలుపెట్టావు, అక్కడే చిక్కొచ్చింది. 1842 జూలై 31న గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హేయర్ 1849లో మీ గురజాలకు కదిలాడు. జనమే కావలిస్తే గుంటూరే నయం కదా! మన లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన సువార్త బోధ, సంస్కారాలు సక్రమంగా జరిగే చోటే సంఘం ఉందంటుంది. ఎంతమంది ఉండాలో చెప్పదు. ఆచారాలు అంతటా ఒక్క తీరునే ఉండాలనీ పట్టుబట్టదు.

ఆ పెద్ద మందిరాల్లోనూ సువార్తే చెబుతున్నారుగా అంటావు. నిజమే, వాళ్లది సంఘం కాదని నేననను. కానీ లూథరు 1529లో రాసిన చిన్న కేటకిజం, అంటే ప్రశ్నోత్తరాల బోధ పుస్తకం, వేదిక మీది ప్రసంగం కోసం పుట్టింది కాదు, ఇంటి యజమాని ఇంట్లోవాళ్లకు నేర్పడానికి పుట్టింది. 1746 నాటికే జర్మనీలోని హాలేలో అది తెలుగులో అచ్చయింది. అందులో ప్రభువు ప్రార్థనలోని అనుదినాహారమంటే ఏమిటో చెప్పిన చోటు తీసి చూడు. తిండి, బట్ట, ఇల్లు, పొలం, గొడ్డూగోదా, మంచి పాలన, మంచి వాతావరణం, చివరికి నమ్మకమైన ఇరుగుపొరుగు. పొరుగువాడూ ఆ ఆహారంలో భాగమేనన్నమాట! గుంటూరు మందిరం నీకు ప్రసంగం ఇవ్వగలదు. మీ వీధిలో మంచాన పడ్డ ముసలమ్మకు గంజి ఇవ్వాల్సింది మాత్రం మీరే.

మనది ఒక్క పేటవాళ్ల సంఘమేగా, పై కులాలవాళ్లు గడప తొక్కరుగా అన్నది ఇంతకంటే బరువైన ప్రశ్న. పల్లెలకు పల్లెలే కలిసి క్రైస్తవంలోకి వచ్చాయి కాబట్టి సంఘం, కులం ఒక్కటైపోయాయి. బడి, అక్షరం, నలుగురిలో తలెత్తుకునే ధైర్యం అలాగే దక్కాయి, దాన్ని తక్కువ చేయకు. అయితే పై కులాలవాళ్లు గుడికి రాకపోతే మనం వాళ్ల గుమ్మానికి పోకూడదని ఎక్కడుంది? ఇక్కడ పాతబస్తీలో హిందువుల లాల్ దర్వాజా బోనాలు, ముస్లింల బీబీ కా ఆలం ఊరేగింపు ఏటా రోడ్డెక్కుతాయి. ఒకరి ఊరేగింపుకు ఒకరు దారి ఇస్తే మర్యాద అవుతుంది. కేటకిజం అడిగేది మర్యాదతో తీరదు, పొరుగువాడి ఒంటికి కష్టమొస్తే ఆదుకోమంటుంది. అతని మతమేదో అడగదు.

ఈ ఆదివారం చందా పుస్తకం తెరిచినప్పుడు చివరి పేజీలో మీ వీధిలో జబ్బుపడ్డవాళ్ల పేర్లు రాయించు. మనవాళ్లవే కాదు, అందరివీ.