వినుట కూడ దాసోహమే



మన గాండ్లపెంట మండలములోని కటారుపల్లెలో వేమన యోగి సమాధి కలదు. ఆయన పద్యములను సేకరించి 1829లో ఆంగ్లానువాదముతో ప్రకటించినవాడు క్రైస్తవుడైన సి.పి. బ్రౌన్ దొర. పరమతస్థుడొకడు మన యోగి మాటను అంత శ్రద్ధతో వినెను గదా! తరతరములుగా మన పొరుగున నివసించు ముస్లిము సోదరుని మాటను మనమెంతవరకు వింటిమి?

ఈ సీమలో ఇరువురి రాకపోకలకు కొదువ లేదు. పెనుకొండ బాబయ్య దర్గాకు హిందువులును పోవుదురు. నార్పల మండలములోని గూగూడులో కుళ్లాయిస్వామి మొహర్రం ఉత్సవమును ఇరు మతములవారును కలసి జరుపుదురు. కుళ్లాయప్ప యను పేరు హిందువుల యిండ్లలోను వినబడును. ఇది పెద్దలు కూడబెట్టిన ధనము. అయినను పండుగనాడు కలసి నడచినంత మాత్రమున ఒకరి మనస్సు ఒకరికి తెలియునా? “ఒక్కపొద్దు ఎందులకుందువన్నా?” అని మనమడుగము. “మెడలో లింగమెందులకు ధరింతువయ్యా?” అని అతడడుగడు. అడుగని చోట చెప్పుడుమాట చొరబడును. దానినుండి అనుమానము, అనుమానమునుండి వైరము పుట్టును.

“ఇష్టలింగనిష్ఠ గలవారము, పరమత ప్రసంగము వినుట వ్రతభంగము కాదా?” అని కొందరు సందేహింతురు. చెవిని పడిన మాటకు అరచేతిలోని లింగము జారిపోవునా? పండ్రెండవ శతాబ్దమున కల్యాణములోని అనుభవమంటపమున మడివాళ మాచయ్య, అంబిగర చౌడయ్య వంటి వేర్వేరు కాయకములవారు సరిసమానముగా కూర్చుండిరి. అక్కమహాదేవిని అల్లమప్రభువు కఠినముగా ప్రశ్నించి, ఆమె సమాధానమును పూర్తిగా విని, పిదప గౌరవించెనని మన సంప్రదాయము చెప్పుచున్నది. వారందరును శివశరణులే. అయినను ఆ వినయము, ఆ ఓర్పు పరమతస్థునితోడి సంభాషణకును వర్తించును.

అట్లని, ఏమియు వినకయే “అన్ని మతములు ఒక్కటే” యని తేల్చివేయుటయు గౌరవము కాదు. దేవుడొక్కడేయను తన నిష్ఠచేత ముస్లిము సోదరుడు మన పూజాప్రసాదమును స్వీకరింపకపోవచ్చును. లింగధారులమగు మనము బక్రీదు విందులోని మాంసమును ముట్టము. ఈ రెండును తిరస్కారములు కావు, నియమములు. “నా నియమమిది, అన్యథా భావింపకుము” అని ఒకరు మృదువుగా పలికినపుడు, “అట్లే కానిమ్ము, కూర్చుండి నాలుగు మాటలు చెప్పుము” అని రెండవవారు ఆదరించుటయే మైత్రి.

బసవేశ్వరుడు కాయకమును, దాసోహమును బోధించెను. ఆకలిగొన్నవానికి అన్నమిడుట దాసోహమైనచో, చెప్పదలచినవానికి చెవి నొసగుట దాసోహము కాకపోవునా? రాబోవు రంజాను మాసమున మీ పొరుగువానిని ఒక్క ప్రశ్న అడుగుడు. గెలుచుటకు గాదు, తెలిసికొనుటకు. అతడు మీ లింగమును గూర్చి యడిగినచో కోపింపక చెప్పుడు. తెలియనిచో తెలియదనుడు, అపుడు మన ధర్మమును మనమే మరల చదువుకొందుము. అదియు ఆ సంభాషణము వలని లాభమే.

శరణు శరణార్థి.