మధ్యలో దిగిపోయినవాడి సంగతి

పోయిన వారం వీడియోలో గీత 6వ అధ్యాయం చెబుతూ అభ్యాసం, వైరాగ్యం దగ్గర ఆగాం. కెమెరా ముందు చెప్పడానికి మొహమాటపడ్డ విషయం ఒకటుంది, అది ఇక్కడ రాస్తున్నా.

నేనుండేది కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో. ఇక్కడ ట్రైక్ అని ఒక మూడు చక్రాల స్కూటర్ కొన్నా. పెడల్ లేదు, చైన్ లేదు, మోటార్ లేదు. వెనక ఉన్న రెండు పలకల మీద చెరో పాదం పెట్టి, హ్యాండిల్ తిప్పుతూ ఒళ్ళంతా ఎడమకీ కుడికీ వాల్చాలి. పాములా వంకర్లు తిరిగితేనే ముందుకెళ్తుంది. తిన్నగా నిలబడి ఎంత బలం పెట్టినా కదలదు.

చదును రోడ్డు మీద వారంలో వచ్చేసింది. ఎత్తు ఎక్కడమే చుక్కలు చూపించింది. కింద హాయిగా తిరిగే పెద్ద మలుపులు అక్కడ పనికిరావు, మలుపు పూర్తయ్యేలోపే వేగం చచ్చిపోతుంది. చిన్న చిన్నవి, గబగబా, ఒకదాని వెంట ఒకటి తిరగాలి. లయ తప్పిందా, బండి ఆగినట్టే. మా వీధి చివరి ఎత్తు కోసం రెండు నెలలు రోజూ పొద్దున్నే వెళ్ళా. అభ్యాసం అంటే ఇదే కదా అని లోపల కొంచెం గర్వం కూడా.

ఒక ఆదివారం పైకి చేరా, ఫోన్‌లో వీడియో కూడా తీసుకున్నా. కానీ ఇంకో పది అడుగులుందనగా బండి ఆగిపోయింది. దిగి, తోసుకుంటూ నడిచా. ఫ్రెండ్స్ గ్రూప్‌లో పెట్టేటప్పుడు ఆ ముక్క కట్ చేశా. "సూపర్ అన్నా" అని మెసేజ్‌లు. నేనేం అబద్ధం చెప్పలేదు కదా, మొత్తం ఎక్కానని ఎక్కడా రాయలేదు కదా! ఇలాంటి వాదనలు మనసుకి ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే అధ్యాయంలో అర్జునుడు ఇంకోటి అడుగుతాడు. యోగం మొదలుపెట్టి మధ్యలో జారిపోయినవాడి గతేంటి, చెదిరిన మబ్బులా రెంటికీ చెడతాడా అని. కృష్ణుడు వాణ్ణి తిట్టడు. మంచి పని చేసినవాడికి దుర్గతి లేదంటాడు, మళ్ళీ పుట్టి ఆ పాత సాధన నుంచే సాగుతాడంటాడు. స్క్రిప్ట్ కోసం ఇది చదువుతుంటే చాలా సిగ్గేసింది. మధ్యలో ఆగినవాణ్ణి కృష్ణుడే తప్పుపట్టనప్పుడు, ఆ పది అడుగులు నేను ఎవరి దగ్గర దాచుకున్నట్టు? రెండు నెలల అభ్యాసం చేశా గానీ, పోస్ట్ బటన్ దగ్గరికొచ్చేసరికి వైరాగ్యం నా దగ్గర చుక్క లేదు.

నిన్న కట్ చేయని వీడియో అదే గ్రూప్‌లో పెట్టా. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. నిజం చెప్పాలంటే అదీ కొంచెం గుచ్చుకుంది. అమ్మకి కూడా పంపా. ఫోన్ చేసి, "దిగితే దిగావులే, కింద పడలేదు కదా నాన్నా?" అంది.